పది లీటర్లు

కంప్యూటర్ పెట్టెని లీటర్లలో కొలుస్తారని
నాకు గవర్నర్‌పేటలో తెలిసింది.
కొట్టు కుర్రాడు శ్రీహర్ష, గోడకానించిన టవర్ చూపించి
"ఇది నలభై ఐదు లీటర్లండీ" అన్నాడు.
నవ్వొచ్చింది.
లీటరంటే ఏమిటో నా నడుముకి తెలుసు.
చిట్టినగర్ కొండ, నూట ముప్పై ఎనిమిది మెట్లు,
స్టీలు బిందె పదిహేను లీటర్లు,
ఎనభయ్యో మెట్టు దగ్గర చెయ్యి మార్చుకోవాలి.

నలభై ఐదు నావల్ల కాదు బాబూ,
పదిలో కుదర్చు.

యాభై వేల చీటీ, ఎనిమిది వేలు వదులుకుని పాడుకున్నాను.
మిగిలిన నలభై రెండులో
ప్రాసెసర్ కొత్తది, ర్యామ్ కొత్తది,
వాటి దగ్గర బేరాల్లేవు.
గ్రాఫిక్స్ కార్డు మాత్రం
పటమటలో మూసేసిన గేముల సెంటర్‌ది.
ఎన్ని యుద్ధాలు చేసొచ్చిందో,
ఫ్యాను రెక్కల్లో ఎవరిదో సిగరెట్టు వాసన.
పాత పళ్ళ బ్రష్షుతో
పసిపిల్ల చెవులు తుడిచినట్టు తుడిచాను.

పెట్టె దగ్గరే ఆగిపోయాను.
పెద్దదానికంటే చిన్నదానికి రెట్టింపు ధరట!
చిన్నగా ఉండటానికి ఇంత ఖర్చవుతుందని
ఎవరూ చెప్పలేదు నాకు.
ఇన్నాళ్ళూ మేం ఊరికే చిన్నగా ఉన్నాం.

ఆటోనగర్‌లో ఖాజావలి లారీ బాడీలు కడతాడు.
నా కాగితం అటూ ఇటూ తిప్పి
"ఏంటమ్మా, పావురాల గూడా?" అన్నాడు.
నేను మిల్లీమీటర్లు చెబితే అతను నూళ్ళలో విన్నాడు.
కార్డు రెండు నూళ్ళు పొడుగైంది. తిట్టుకుంటూ మళ్ళీ కోశాడు.
ఏ లారీ వెనక తలుపో ఆ రేకు,
"నిదానమే ప్రధానం"లో
"నిదానమే" నా వాటాకొచ్చింది.
పసుపు మీద ఎరుపు. గీకబోతే వద్దన్నాను.
కూలి మూడు వందలు, టీ అతనిదే.

ఒంటిచేత్తో ఎక్కించాను కొండ.
ఎనభయ్యో మెట్టు ఎప్పుడు దాటానో గుర్తులేదు.

కానీ రోహిణి కార్తె కదా,
రేకుల కింద మనుషులే ఉడికే రోజులు.
ఎనభై ఏడు డిగ్రీలు చూపించింది మొదటి రాత్రి.
నిలబెట్టాను, పడుకోబెట్టాను,
ఫ్యాను తిరగేసి బిగించాను.
చివరికి అడుగున నాలుగు సోడా మూతలు పెడితే
ఆరు డిగ్రీలు దిగింది.
అరుపు ఆగి గొణుగుడైంది.

తాడిగడపలో ఒక డూప్లెక్స్, ఎలివేషన్ కావాలి.
గాజు, టేకు, సాయంకాలపు ఎండ.
వెనకాల బోసిగా ఉందని మా కొండ పెట్టాను,
మెట్లతో సహా, నీలం డ్రమ్ములతో సహా.
రాత్రి పదింటికి బిల్డర్ రామకోటేశ్వరరావు గారి ఫోను:
"బావుందమ్మా. ఆ కొండొకటి తీసెయ్.
కొబ్బరిచెట్లు వెయ్."

కొండమీద కూర్చుని కొండని తీసేశాను.
ఒక్క మీట నొక్కితే చాలు.
ఏమీ కూలలేదు.
పక్కింటి వరహాలమ్మ కుక్కరు మూడో కూత కూసింది, అంతే.

కొబ్బరాకుల నీడ దానికి కష్టం.
ఒక్కో ఆకూ విడివిడిగా అడుగుతుంది
ఎండ ఎటునుంచని.
నలభై నిమిషాలంది, తర్వాత రెండు గంటలంది,
మధ్యలో కరెంటు పోయి మళ్ళీ మొదటికొచ్చింది.
గడి గడిగా తేలుతోంది బొమ్మ.
నేను రెప్పేయకుండా చూస్తే
తొందరగా అవుతుందా ఏం!

నాలుగున్నరకి కింద కుళాయి వచ్చింది.
బిందె తీసుకుని దిగాను.
నింపుకుని ఎక్కుతూ, చెయ్యి మార్చుకునే చోట
తలెత్తి చూశాను.
మా కిటికీలో చిన్న పచ్చ దీపం, వెలుగుతోంది ఇంకా.
పైన పది, నా నడుమ్మీద పదిహేను.
నాకింకా యాభై ఎనిమిది మెట్లు.
దానికెంతుందో.