అరిగిన వేలు

ఆ వేలిముద్ర ఎవరిదమ్మా అని అడిగారు కదా,
చెబుతాను, లైను మాత్రం కట్ చెయ్యకండి.
పక్కన మంచు మర మోగుతోంది,
వినబడకపోతే చెప్పండి, అరుస్తాను.
జగల్చి చేపల బజారులో
మెల్లగా మాట్లాడే మనిషి దగ్గర ఎవరూ కొనరు.

నా పేరు యంగ్‌రాన్. ఊరు బుసాన్.
పదమూడేళ్ళుగా కానాగంతల పొట్టలు చీరుస్తున్నాను.
ఉప్పునీళ్ళు, పొలుసులు, మంచు, మళ్ళీ ఉప్పునీళ్ళు.
నా బొటనవేలు
సానరాయి నడిమి గుంటలా నున్నబడిపోయింది.
వార్డు ఆఫీసులో గుమాస్తా గాజుపలకని మూడుసార్లు తుడిచాడు.
నాలుగోసారి పలకని వదిలేసి నన్ను చూశాడు,
అసలు మనిషినేనా అన్నట్టు.

ఫోనూ అంతే.
నెలనెలా వాయిదా కడుతున్న నా సొంత ఫోను
నన్ను ఎరగనంది.
అందుకని మావాడి వేలు పెట్టించాను.
హన్‌గ్యోల్. అప్పటికి తొమ్మిదేళ్ళు.
ఒక్కసారికే టక్కున తెరుచుకుంది.
ఇంటికి తాళంచెవి తనేనన్నంత గర్వంగా నవ్వాడు.
బ్యాంకుకి వాడి వేలు, కరెంటు బిల్లుకి వాడి వేలు,
బడివాళ్ళు పంపిన చీటీకి
చదివాను అని నొక్కడానికీ వాడి వేలే.
ఆ చీటీలో ఏముందో కూడా
వాడే చెప్పేవాడు.

పద్దెనిమిది లక్షల నలభై వేల వోన్లు.
మీకది అంకె.
నాకు మూడొందల అరవై ఎనిమిది కానాగంతలు,
మంచుకీ అద్దెకీ తీసేస్తే ఇంకా ఎన్నో,
ఆ లెక్క వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

ఏం కొన్నావురా అంటే పెట్టెలన్నాడు.
పెట్టెల్లో ఏముంటుందిరా అంటే
తెరిస్తే గాని తెలీదన్నాడు.
కత్తి రావచ్చట, రెక్కల గుర్రం రావచ్చట,
ఎక్కువసార్లు మాత్రం టోపీ వస్తుందట.
నలభై ఒక్కసార్లు
టోపీ పెట్టించుకున్నాడు నా కొడుకు.

బాబూ, మీ గొంతు లేతగా ఉంది,
మీకింకా పిల్లలుండి ఉండరు.
ఒక్క మాట అడుగుతాను.
ఇక్కడ మేం మొప్పలెత్తి ఎర్రగా చూపిస్తే గాని
ఎవరూ సంచీ విప్పరు.
మూసిన డబ్బా చేతికిచ్చి,
లోపల ఏదో ఒక చేప ఉంది, డబ్బులు తియ్యి అంటే
ఆ డబ్బాతోనే నెత్తిన కొడతారు.
అదీ పదేళ్ళవాడికి, తెల్లవారుజామున,
తల్లి వేలంపాటకి పోయిన ఇంట్లో?

అవును, పోయాను.
మూడున్నరకి పోకపోతే ఆ రోజుకి చేపల్లేవు.
ఒక రాత్రి దుప్పటి లోపలినుంచి వెలుగు కనబడింది.
పడుకోరా అని తలుపేశాను.
దుప్పటి ఎత్తి చూడలేదు.
అది రాసుకోండి. మీరు అడక్కపోయినా రాసుకోండి.
తిలాపాపం తలా పిడికెడు అంటారే,
నా పిడికిలి నేను విప్పేశాను.
మీ కంపెనీ పిడికిలి విప్పే గడి
ఆ కాగితంలో ఎక్కడుందో
కాస్త వెతికి చెప్పండి.

అతను కాసేపు మాట్లాడలేదు.
పైవాళ్ళని అడగాలన్నాడు. వచ్చాక,
సగం ఇప్పించడానికి చూస్తామన్నాడు,
పద్నాలుగు రోజుల్లో, గట్టిగా చెప్పలేనన్నాడు.
ఒప్పుకుంటున్నానని ఫోన్లోనే నొక్కి పంపమన్నాడు.

తెర నల్లబడింది.
అలవాటుగా ఫోను పక్కకి చాచాను.
బోర్లించిన బకెట్ మీద కూర్చున్న హన్‌గ్యోల్
రెండు చేతులూ వీపు వెనక్కి దాచేసుకున్నాడు.
కొడతానని కాదు వాడి భయం.
ఆ వేలే దొంగదనుకున్నాడు.

చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని
అంకెలు నొక్కాను, ఆరు.
తప్పు.
ఒక పొలుసు గాజుకి అంటుకుంది, గోటితో గీకాను.
మళ్ళీ నొక్కాను. తప్పు.
చేప కొనడానికొచ్చిన ముసలావిడ
బేరమాడకుండా నిలబడి చూస్తోంది.
వెనకనుంచి వాడు, ఎప్పుడు లేచాడో,
"చివర్ది ఏడమ్మా" అన్నాడు.