ఉన్నదున్నట్టు

పర్లాకిమిడి కోర్టులో
ఇరవై రెండేళ్లుగా నా పని
తెలుగు నోట్లోంచి తీసి
ఒడియా చెవిలో పెట్టడం.
గట్టు తగాదాలు, తప్పిపోయిన గేదెలు,
పాతపట్నం నుంచి పారిపోయొచ్చిన పెళ్లిళ్లు
అన్నీ మోశాను, తొణక్కుండా.

ఆ సోమవారం బోనులో దాలమ్మ.
జీడిమామిడి పళ్ల తట్ట
బయట సైకిల్ స్టాండులో పెట్టి వచ్చింది.
చేతులకింకా ఆ జీడి మరక.

ప్లీడరు ప్రశ్నని తెలుగు చేసి అడిగాను:
"ఏమన్నాడో చెప్పమ్మా."
"తిట్టాడు బావూ."
"ఏమని?"
"కులం పెట్టి."
"ఆ మాటే చెప్పాలట. ఉన్నదున్నట్టు."

చట్టానికి ఆ మాట కావాలి.
ఎంత గట్టిగా అన్నాడో, ఎందరు విన్నారో,
ఏ తారీకో, ఏ వీధో కావాలి.
ఆమె తల దించుకుంది
తిట్టింది తనే అయినట్టు.

వెనక బెంచీలో వాళ్ల పెద్దాయన గొణిగాడు:
"పడ్డోడెప్పుడూ చెడ్డోడు కాదే, ఒగ్గీ."
ఇటు బెంచీలో కొట్టు లోకనాథం తరపోళ్లు:
"మాటకే కేసేటి? తాతలనాటి నుంచి అంటన్నదే కదా.
అప్పుడు నవ్వీవోరు."

రెండు బెంచీలదీ ఒకటే సామెతల మూట.
కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమన్నదీ అందులోనే ఉంది.
దాన్ని ఎవరూ విప్పలేదు ఆ రోజు.

చివరికి అంది.
మూడక్షరాలు.
టైపిస్టు వేళ్లు ఆగాయి.

నేను నోరు తెరిచాను.
నాకు కొత్త మాట కాదది.
చిన్నప్పుడు మహేంద్రతనయ రేవులో
ఒళ్లంతా బురద చేసుకుని ఇంటికొస్తే
మా అమ్మ ముద్దుగా పిలిచిన పేరు,
గుమ్మంలోనే నిలబెట్టి
నీళ్లు గుమ్మరిస్తూ, నవ్వుతూ.
నిరుడు మా మనవడిని నేనూ పిలిచాను.
ఆ ముద్దు ఖర్చు ఎవరి ఖాతాలో రాశామో
ఆ పూట దాకా లెక్క చూసుకోలేదు.

దానికి సమానమైన ఒడియా మాట కోసం
లోపల తడుముకుంటున్నాను.
అంతలో మేజిస్ట్రేటు చెయ్యెత్తారు:
"దర్కార్ నాహిఁ. బుఝిలి."
అక్కర్లేదట. అర్థమైందట.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి
నా భుజం ఎక్కకుండా ఒక మాట
సరిహద్దు దాటింది.
అవతల కూడా దానికి ఇల్లుంది,
ఎప్పుడో పీట వేసి ఉంచారు.

దాలమ్మ నీళ్లడిగింది.
బంట్రోతు గ్లాసు వైపు చూసి
ఎందుకో చెంబు తీసి
ఎత్తు నుంచి ఆమె దోసిట్లో పోశాడు.
ఒక్క మాట కూడా అనలేదు.
ఏ సెక్షనూ కదల్లేదు.
ఆమె తాగలేదు. పుక్కిలించి
వరండా అవతల ఊసింది.

కాగితం నా ముందుకొచ్చింది:
'సాక్షి చెప్పినది ఉన్నదున్నట్టు అనువదించితిని.'
పెన్ను ఇమ్మని పక్కాయన్ని అడిగాను.
పెన్ను నా జేబులోనే ఉంది.