రెండో అంకె

నెలకోసారి మా మందుల షాపుకి వచ్చేవాడు
క్లెమ్ ట్రెలోర్, మాజీ ఎమ్మెల్యే.
బీపీ మాత్రలు, మోకాలికి పట్టీ, ఒక పిప్పరమెంటు పొట్లం.
వెనక గన్‌మన్ లేడు, ముందు సైరన్ లేదు.
చేతికర్రకి రబ్బరు తొడుగొక్కటే కొత్తది.
వరసలో నాలుగోవాడైతే నాలుగోవాడిగానే నిలబడేవాడు.
మొదటిసారి నేనే తడబడి కుర్చీ వేశాను.
"ఓడిపోయి ముప్ఫై ఏళ్లయింది నాయనా,
కూర్చోబెడితే మళ్లీ ప్రసంగం మొదలెడతాను" అన్నాడు.

పోర్ట్ కార్లీన్. స్పెన్సర్ గల్ఫ్ ఒడ్డు.
ఉప్పూ గోధుమ పొట్టూ కలిసిన గాలి.
ఒకప్పుడు ఈ జెట్టీ మీద బస్తాలు భుజాల మీదే నడిచేవి.
తండ్రి మోశాడు, అన్న హర్టిల్ మోశాడు,
పదిహేనో ఏట నుంచి ఇతనూ మోశాడు.
ఎడమ భుజం ఇప్పటికీ అరంగుళం కిందికే.
సభకి వెళ్లేముందు కోటు కుట్టిన అడిలైడ్ దర్జీ
అడక్కుండానే లోపల దూది పెట్టాడట.
"పద్నాలుగేళ్లు నన్ను సమంగా నిలబెట్టింది
పార్టీ కాదు, ఆ దూది."

అరవై అయిదులో గెలిచాడు, తొమ్మిది ఓట్లతో.
మూడుసార్లు లెక్కపెట్టారు.
తొలి ప్రసంగం మంచినీళ్ల గొట్టం గురించి.
రెండోదీ గొట్టం గురించే.
మూడోసారి లేచి నిలబడగానే స్పీకరు నవ్వాడు,
ఆ ఏడాదే గొట్టం వచ్చింది.
మా షాపులో చేతులు కడుక్కుంటుంటే
మాట ఆపి, నీళ్ల చప్పుడు వినేవాడు.

తర్వాత సైలో బిల్లు.
గోధుమలకి ఇక గోనె అక్కర్లేదు,
నేరుగా ఓడ కడుపులోకి జారతాయి.
నూట అరవై మంది భుజాలు ఖాళీ.
బిల్లు మంచిదే, అతనికి తెలుసు.
నడుం విరిగినవాళ్ల పేర్లన్నీ నోటికి వచ్చు.
గంట మోగింది. తలుపులు మూశారు.
లేచి, అవునన్నవాళ్ల వైపుకి నడిచాడు.

ఆ శుక్రవారం రైలు దిగి ఇంటికొస్తే
గేటు దగ్గర హర్టిల్.
బస్తా లాగే ఇనుప కొక్కెం తమ్ముడి చేతిలో పెట్టి
"కాగితాలు గాలికి పోకుండా పెట్టుకో" అని
వెళ్లిపోయాడు.
పన్నెండేళ్లు మాట లేదు.
ఒకే వీధి, ఒకే రొట్టెల దుకాణం.
తల్లి పెట్టెకి ముందు కొస ఒకడు పట్టాడు,
వెనక కొస ఇంకొకడు.
బరువు ఎటు ఒరిగిందో అడిగితే
పిప్పరమెంటు నోట్లో వేసుకున్నాడు.

హర్టిల్ పోయినప్పుడు
వదిన ఎల్వా వంటింట్లోకి పిలిచి చెప్పిందట:
"ప్రతి ఎన్నికలోనూ కమ్యూనిస్టు కాలిన్‌కి ఒకటి వేసేవాడు.
నీకు రెండు."
కాలిన్ ఎప్పుడూ ఆఖరివాడే.
ఆఖరివాడి కాగితాలు మళ్లీ విప్పుతారిక్కడ,
రెండో అంకె ఎవరిదైతే వాళ్ల కట్టలో కలుపుతారు.
అంటే ప్రతిసారీ, రాత్రి పదింటికో పదకొండింటికో,
అన్న నడిచి వచ్చి తమ్ముడి దగ్గర ఆగేవాడన్నమాట,
తలుపు కొట్టకుండా.

మరుసటేడు క్లెమ్ ఓడిపోయాడు.
పదకొండు వందల చిల్లర తేడా.
"ఒక్క ఓటు తగ్గినందుకు కాదులే, నాకు లెక్కలొచ్చు" అన్నాడు.
తర్వాత కాసేపటికి,
"అయినా లెక్కపెట్టాను" అన్నాడు.

నాకు పౌరసత్వం వచ్చిన వారం
మందుల చీటీ వెనక గళ్లు గీసి నేర్పాడు.
"అందరికీ అంకె వెయ్యి. నచ్చనివాడికీ వెయ్యి.
ఒక్క గడి వదిలినా కాగితం చెల్లదు."

మార్చిలో, బడి హాల్లో, అట్టపెట్టె చాటున
దారంతో కట్టిన పెన్సిలు.
కిటికీలోంచి సాసేజీలు వేగుతున్న వాసన.
ఒకటి టక్కున వేసేశాను.
రెండు దగ్గర చెయ్యి ఆగింది.
ఇంతసేపు ఏం చేస్తున్నాడని వెనకాల ఎవరో దగ్గారు.
క్లెమ్ కూడా వరసలోనే ఉన్నాడు.
ఎన్నోవాడో చూడలేదు.