పొంగబోయే ముందు

చహ్నంతోర్ పీఠభూమి ఎక్కేసరికి
మాటకీ మాటకీ మధ్య ఊపిరి కొనుక్కోవాలి.
ముక్కులో ఆక్సిజన్ గొట్టం, బుగ్గన కోకా ఆకు.
నా పని గొప్పదేం కాదు:
హీలియం గొట్టాలు బిగించడం, మంచు తుడవడం,
పంపు గొంతు మారితే ఓర్ట్రూడ్‌ని నిద్ర లేపడం.

బాన్ నుంచి మోసుకొచ్చిందామె ఈ కెమెరాని.
డ్రమ్ములో డ్రమ్ము, దానిలో ఇంకో డ్రమ్ము,
అన్నిటికన్నా లోపల
పరమశూన్యం మీద పావు డిగ్రీ కూడా లేని చలిలో
అరచేయంత పలక, దాని నిండా గళ్ళు,
గడికొక ఈగ రెక్కంత లోహం.

"ఏం చేస్తాయివి?" అన్నాను మొదటి వారం.
ఆమె స్పానిష్ వంకర, పోలిక మాత్రం తిన్నన:
"పొయ్యి మీద పాలు చూశావుగా, సెవెరో.
పొంగవు, ఊరుకోవు, అంచుదాకా వచ్చి వణుకుతాయి.
సరిగ్గా అక్కడ ఆపిపెట్టాం దీన్ని,
కరెంటు అడ్డులేకుండా జారిపోయే నిద్రకీ
అడ్డం తగిలే మెలకువకీ నడుమ.
పిసరు వెచ్చదనం సోకితే చాలు, కదులుతుంది.
ఆ కదలికే మన బొమ్మ."

వెచ్చదనం ఎక్కణ్ణుంచి, అని అడగలేదు.
బయట మైనస్ పద్దెనిమిది.

జూన్‌లో గాలి ఎండిపోయింది.
ఆకాశమంతా పిండితే అర మిల్లీమీటరు నీళ్ళు.
పాలపుంతలో ఒక నల్ల మరక కేసి
పళ్ళెం తిప్పింది ఓర్ట్రూడ్.
నాకు నవ్వొచ్చింది. ఆ మరక నాకు తెలుసు.
మావాళ్ళు చుక్కలు కలిపి బొమ్మలు గీయరు,
చుక్కలు లేనిచోటే చూస్తారు.
అది లామా, మేం మేపేదే,
మెడ చాచి నడుస్తుంటుంది.
కళ్ళు మాత్రం రెండు చుక్కలు.
పొట్ట కింద పిల్ల, పాలు తాగుతూ.

తొమ్మిది రాత్రులు, ముక్క పక్కన ముక్క.
తెర మీద మెడ వెలిగింది, వీపు వెలిగింది.
చీకటి కాదట అది. ధూళి.
మన కంటికి అడ్డం నిలబడ్డ చల్లటి ధూళి,
వెలుగుకీ రేడియోకీ మధ్య ఎక్కడో
తన మానాన తాను మెరుస్తూనే ఉందట,
ఇంకా పుట్టని నక్షత్రాలని కడుపులో పెట్టుకుని.

పదో రాత్రి పంపు గొంతు మారింది.
మారిందని తర్వాత రికార్డు చెప్పింది.
ఓర్ట్రూడ్ నన్నేమీ అనలేదు.
డ్రమ్ము మళ్ళీ చల్లబడడానికి తొమ్మిది రోజులన్నది,
ఈలోగా తూర్పున బొలీవియా మీంచి మబ్బు.

బొమ్మని కాగితం మీద తీసి మచూకా తీసుకెళ్ళాను.
సతుర్నీనా అత్త జున్ను చేతులు తుడుచుకుని
చాలాసేపు చూసింది.
మెడ ఒప్పుకుంది. వీపు ఒప్పుకుంది.
వేలు కిందికి జరిపి, ఖాళీ దగ్గర ఆపి,
"పిల్లేదిరా?"

పాలు పొంగిపోయాయత్తా, అన్నాను.

ఆమెకేం అర్థమైందో. కాగితం మడిచి చేతికిచ్చింది.
"పొయ్యి దగ్గర ఎవరున్నారు?"