పండుకున్న చిప్పు

దేవరకొండ జిన్నింగు మిల్లు నుంచి
ఆటోల వచ్చింది పెద్ద డబ్బా.
మూత తీస్తే పంకా రెక్కల సందున పత్తి,
నిరుడు సీజనుది,
అంచులు కొంచెం మాడి.

ప్రాసెసర్ మీది అల్యూమినియం దిమ్మె
అరచేతిల పట్టలే.
ఇంత బరువెందుకక్కా, అన్నడు జహీర్.
తొందర ఉన్నోనికి చెమట ఎక్కువ రా.
పూర్తిగ అడగకముందే
లెక్క ఎటు మలుగుతదో ఊహించి ఉరుకుతది.
ఊహ తప్పితే చేసిందంత పారబోసి
మళ్ల మొదలు.
పారబోసినదానిక్కూడ కరెంటు కాలుతది.
అట్లని తిట్టకు,
వెయ్యిమంది రైతుల తూకాలు
రెప్ప కొట్టేలోపు కలిపేది ఇదే.

పత్తి ఊదుతుంటే గోప్య వచ్చిండు,
తువ్వాలల చుట్టిన సబ్బుపెట్టెంత డబ్బీతో.
బత్తాయి తోట మట్టిల తడి చూసేది.
"సచ్చిపోయింది అక్కా.
వారం నుంచి ఫోనుకు ముచ్చట లేదు."

విప్పిన. పంకా లేదు, దిమ్మె లేదు.
చింతగింజ కంటే చిన్న నల్ల ముక్క.
వేలు పెడితే సల్లగ.

సల్లగుంటే సచ్చినట్టేనా?

మీటరు పెట్టిన. సున్న.
ఇంకా కిందికి తిప్పిన, ఆఖరి గీత దాక.
నాలుగు మైక్రో ఆంపులు.
అన్ని గదులల్ల దీపాలార్పి
ఒక్క గడియారాన్ని కావలి పెట్టి
పండుకుంది.

వోల్టేజి సగం చేస్తే కాలేది పావే.
ఆ లెక్క నమ్మినోళ్లు గీసిన చిప్పు ఇది.
ఊహలుండవు. ఉరుకుడుండదు.
ఒక పని అయినంకనే ఇంకో పని,
పని లేకుంటే నిద్ర.

కూసున్నం. చాయ్ అయింది.
జహీర్ రెండుసార్లు ఆవులించిండు.
అప్పుడు మీటరు అంకె ఎగిరింది,
నాలుగు నుంచి ఐదు వేలకు,
మళ్ల నాలుగుకు.
మట్టిని ఏదో అడిగి
జవాబు రాక ముసుగేసింది.

వైరు కొసన చూస్తే పందికొక్కు పండ్లు.
చెప్పేందుకేం లేనప్పుడు
రేడియో తెరవద్దని రాసిన్రు దాంట్ల.
అరగంటకోసారి, వారం రోజులు,
మూడు వందల ముప్ఫై ఆరు సార్లు
చీకట్ల లేచి అడిగింది,
ఎవ్వరికీ చెప్పకుంట.

కొత్త వైరు అతికిచ్చిన. ముప్ఫై రూపాయలు.
గోప్య ఇంకా అనుమానంగనే చూస్తుండు.

ఇంతల జహీర్ మిల్లు డబ్బా స్విచ్చేసిండు.
పంకా బొయ్యిమని గర్జించింది,
మిగిలిన పత్తి షాపంత ఎగిరింది.
గోప్య ఉలిక్కిపడి నవ్విండు:

"ఇదైతే బతికే ఉందక్కా."