ఏడు వేల ఆరు నూర్లు

గడియారం సెంటర్ ఎనక సందుల ముజీబ్ దుకాణం.
అద్దాల పెట్టెల కొత్తయి,
నేల మీద పాతయి.
నేను నేల దిక్కే చూసిన.

మర్రిగూడ నీళ్లు తాగి పెరిగిన వేళ్లు,
సక్కగ వంగయి.
అందుకే రంగు అడగలే, కంపెనీ అడగలే,
ఒక్కోదాని మీద ‘అర్జీ’ అని కొట్టి చూసిన.
ఒకటి గట్టిగున్నది. ఒకటి జారిపాయె.
మూడోది, ఎవరో నాలుగేండ్లు కొట్టి కొట్టి మెత్తజేసింది,
చెయ్యి వెట్టంగనే ఒదిగింది.

“విండోస్ అసలుదైతే ఇంకో నాలుగు వేలు కాకా,
దొంగదైతే మూడు నూర్లు.”

దొంగలెక్కల మీద అర్జీలు రాసేటోణ్ణి,
దొంగదాంట్ల ఎట్ల రాస్త?

ముజీబ్ నవ్విండు.
“ఊకెనే వచ్చేది ఒకటుంది, లినక్స్. నేర్వాలె మరి.”
టైపు మిషన్ నేర్వలేదా నేను!

తెల్లారి తాసీల్ ఆఫీసు గోడ పక్క
మొదటి అర్జీ.
‘గంగమ్మ’ అని పడ్డది.
“గంగమ్మ గాదు సారూ, జంగమ్మ.”
ఇదివరకైతే కాయితం చింపేటోణ్ణి.
ఒక్క మీట నొక్కి
గ తుడిచి జ పెట్టిన.

ఆమె తెర దిక్కు వంగి
శానసేపు చూసింది.
“గిట్లనే,
పాసుబుక్కుల గూడ తుడువొస్తదా?”