ముప్పయ్యో తారీఖు

పదమూడేండ్లు
నెలాఖరైతె నా ఫోను గజ్జె లెక్క మోగింది.
లిఫ్టుల ఉన్నా, మీటింగుల ఉన్నా
ఆ చప్పుడుకు కడుపుల సల్లగయ్యేది.
పైసలు ఎక్కడికెళ్లి వస్తున్నయో ఎన్నడు అడగలే.
నల్లా తిప్పేటోళ్లకు వాన సంగతేం ఎరుక?

ఇడిసిపెట్టిన నాడు
మెడల కార్డు తీసి బల్ల మీద పెట్టిన.
పొద్దుగాల నమస్తె పెట్టిన సెక్యూరిటీ ఆయన
పొద్దుమీకి రిజిస్టరు ముందర పెట్టిండు,
‘ఈడ సంతకం, మేడం’
విజిటర్ల వరుసల.

ఇప్పుడు ఎనుమాముల మార్కెట్ ఎనుక
నాలుగు రేకుల షెడ్డు, ఒక గిర్ని,
గోడ పొడుగూత చపాట మిర్చి బస్తాలు.
టమాట లెక్క పొట్టిగ, బొద్దుగ ఉంటది.
రంగు ఎక్కువ, కారం తక్కువ.
పాత ఆఫీసుల నేను చేసిన స్లైడ్లు యాదికొస్తయి.

మొదటి వారమంత తుమ్ముడే నా పని.
తొడిమెలు తీసే ఓదెలమ్మ
నా చున్నీ గుంజి నా ముక్కుకే కట్టింది.
‘నువ్వెవలో మిర్చికి ఇంక ఎరుకగాలే బిడ్డా.’

లోనుకని నక్కలగుట్ట బ్యాంకుకు పోతె
మేనేజరు పాత జీతం చిట్టీలు తిరగేసి తిరగేసి
నిజంగనే బాధపడ్డడు.
‘ఇది ఉన్నప్పుడు రావద్దానమ్మా!’

మోటరు కాలిన రాత్రి
మండిబజార్‌కెళ్లి యాకూబ్ వచ్చిండు.
టార్చి పండ్ల నడుమ పట్టుకోని
తెల్లారేదాక రాగితీగ చుట్టిండు.
పైసలెప్పుడిస్తవని అడగలే.
అడిగితె అల్కగుండు.

ఇయ్యాల ముప్పయ్యో తారీఖు.
ఫోను సప్పుడు జెయ్యదు.
జెయ్యాల్సింది నేను.
ఖాతల పదకొండు వందలు,
షెడ్డుల నలుగురు మనుషులు.
మొగిలి ఊకె జాలీ ఊడుస్తున్నడు, ఊడ్చిందే ఊడుస్తున్నడు,
నా దిక్కు సూడకుంట.

కాజీపేటల ఒక దుకాణమాయన
నలభై కిలోల కారం ఉద్దెర తీస్కపోయి
మూడు వారాలాయె.
పోయి ఆయన మెట్ల మీద కూసున్న.
చాయ తాగుమన్నడు, తాగిన.
రేపు రమ్మన్నడు, కూసున్న.
పదమూడేండ్ల కింద ఇంటర్వ్యూల అడిగిన్రు:
నీ బలమేంది అని.
ఏమేమో చెప్పిన గప్పుడు.
కూసునుడు అని తెల్వకపాయె.
షెట్టరు సగం దించినంక ఇచ్చిండు,
అన్నీ పది, ఇరవై నోట్లు,
అవి గూడ ముప్పావే.

ఓదెలమ్మ బొటనేలు తడి చేసుకోని
రెండుసార్లు లెక్కపెట్టింది.
అనుమానం గాదు అది, పైసలకిచ్చే మర్యాద.
కొంగున ముడేసి, ముడిని ఒకపారి తట్టి
రేపు జల్ది రావాల్నా అని అడిగింది.
నా వంతుకు ఏం మిగల్లే.

రేకు తలుపు గుంజి తాళమేసి
చేతులు కడగంది మరిచి కన్ను నలుచుకున్న.
మంట!
ఆ మంటల్నే, ఒక్క కన్నుతోని, క్యాలెండరు సూసిన.
వచ్చే నెలకు ముప్పై ఒకటి.
ఒక్కరోజు ఎక్కువ దొరికింది.